భయంలో వాటా

పదకొండో ప్రయోగం అయిన మూడో రోజు పొద్దున్నే లింగమూర్తి మాస్టారి భార్య ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మా ఆయన మంచం కింద ఉన్నారు. కుక్కర్ కూత వెయ్యగానే దూరారు. ఎంత బతిమాలినా బయటికి రావడం లేదు."

కాత్యాయనికి ముందు నవ్వొచ్చింది. మరుక్షణం మొన్నటి ప్రయోగం గుర్తొచ్చింది. లింగమూర్తి మాస్టారు ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే పిల్లలు గోడకి అతుక్కుపోయేవాళ్లట. మొన్న ఆదివారం తన పామరేనియన్ కుక్కని సంచీలో పెట్టి, సీటు కింద ఉంచుకుని, విశాఖపట్నం నుంచి హైదరాబాదుకి విమానంలో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చాడు. రానూ పోనూ కుక్క కిక్కురుమనలేదు. "మీ పట్టీకి నూటికి నూరు వేస్తున్నానమ్మా" అని సంతకం పెట్టి మరీ వెళ్లాడు.

ఆమె స్కూటర్ తీసి మాస్టారి ఇంటికి వెళ్లేసరికి ఆయన మంచం కింద నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మోకాళ్లకి దుమ్ము. కుక్క మాత్రం కిటికీలో ఎండ కాచుకుంటోంది.

"అది నా భయం కాదమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "నా భయాలు నాకు తెలుసు. అరవై ఏడేళ్లుగా వాటితో కాపురం చేస్తున్నా. ఇది కొత్తది. దీనికి మాటలు లేవు. కుక్కర్ కూసింది, కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి."

కాత్యాయని పశువుల డాక్టరు. కంచరపాలెంలో కింద క్లినిక్కు, పైన ల్యాబు. ఆరేళ్ల కిందట ఒకావిడ తన పిల్లిని విమానం సామాన్ల అరలో పంపాల్సి వస్తే, దారిలో బెదిరిపోకుండా మత్తు సూది వేసింది ఆమే. విమానం దిగేసరికి పిల్లి ఊపిరి ఆగిపోయింది. ఆవిడ తిట్టలేదు. ఖాళీ బుట్ట తెచ్చి క్లినిక్కు బల్ల మీద పెట్టి, "పాపం, ఇంకో పిల్లికి పనికొస్తుంది" అని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచీ కాత్యాయనికి ఒకటే ధ్యాస. మత్తు లేకుండా, సామాన్లలో పడెయ్యకుండా, పెంచుకున్న మనిషి పక్కనే, తోటి ప్రయాణికులకి ఇబ్బంది లేకుండా జంతువు విమానంలో కూర్చోవాలి.

దానికోసం ఆమే, ఎలక్ట్రానిక్స్ చదివిన ఇంతియాజూ కలిసి చేసినవే జంటపట్టీలు. ఒకటి జంతువు మెడకి, ఒకటి మనిషి మణికట్టుకి. మెడపట్టీ జంతువు గుండెనీ, ఊపిరినీ, నరాల అదురునీ చదివి చేతిపట్టీకి పంపుతుంది. మనిషి ఒంట్లో అది సర్దుకుంటుంది. సర్దుకున్న ఆ నిదానం మళ్లీ జంతువు మెడ నరంలోకి చేరుతుంది. మనిషి ప్రశాంతత జంతువుకి వెళ్తోందని ఇద్దరూ మురిసిపోయారు. జంతువు భయం మనిషిలోకి వచ్చి అక్కడే తిష్ఠ వేస్తోందని వాళ్లకి తట్టలేదు.

ఆ మధ్యాహ్నం ఇంతియాజ్ మిగతా పది మందికీ ఫోన్లు చేశాడు. సాయంత్రానికి కాగితం పట్టుకొచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఒకాయన లిఫ్టు ఎక్కడం మానేశాడట మేడమ్. ఒకావిడ భర్త ఆఫీసు నుంచి వచ్చేదాకా గుమ్మంలోంచి లేచేది కాదట. అందరికీ ఏదో ఒకటి ఉంది. వారం, పది రోజులకి తగ్గిపోయింది. ఎవరికి వాళ్లు తమకే ఏదో అయిందనుకుని మనకి చెప్పలేదు."

"పది మందికీనా?"

"పది మందికీ."

ఇంకొక్క ప్రయాణం బాగా జరిగితే పట్టీలకి విమానయాన శాఖ అనుమతి వచ్చేస్తుంది. విషయం తెలిసి విమాన సంస్థ అధికారి తేలిగ్గా తీసిపారేశాడు. "వారంలో పోయేదానికి ఇంత రాద్ధాంతం దేనికి డాక్టర్ గారూ? తలనొప్పి లాంటిదని రాసేసి పక్కన పెట్టండి."

ఇంతియాజ్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. మంచి ఉద్యోగాలు రెండు వదులుకుని ఆరేళ్లుగా ఈ మేడ మీదే ఉన్నాడతను.

"రాద్దామా మేడమ్, ఉన్నదున్నట్టు?" అన్నాడు చివరికి.

"ఇంకో బుట్ట నా బల్ల మీదికి రాకూడదయ్యా. రాయి."

రాశారు. శాఖ నుంచి జవాబు వచ్చింది. లోపం సరిచేసి రెండు నెలల్లో ఆఖరి ప్రయాణం చేసి చూపించాలి, లేదంటే ఫైలు మూసేస్తారు.

సరిగ్గా ఆ వారంలోనే సన్యాసమ్మ వచ్చింది. క్లినిక్కు ఎదురుగా ఇడ్లీ బండి ఆమెది. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్లుగా చక్కెర జబ్బు, రెండు పూటలా ఇన్సులిన్ సూది. ఆమె వెంట ఎప్పుడూ గవ్వ ఉంటుంది. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, ఆరు కిలోలకి మించని ఆడకుక్క. ఎవరూ నేర్పలేదు గానీ, సన్యాసమ్మకి షుగర్ పడిపోబోతే ఆమెకంటే ముందు గవ్వకే తెలుస్తుంది. అరచెయ్యి నాకి, గోకి, పలక్కపోతే చీర కొంగు లాగుతుంది. అలా ఐదుసార్లు ఆమెని కింద పడకుండా కాచింది.

"డాట్రమ్మా, మా పైడితల్లికి ఎనిమిదో నెలొచ్చింది," అంది సన్యాసమ్మ బల్ల మీద చేతులు పెట్టి. కూతురు పైడితల్లి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటుంది, అల్లుడికి అక్కడ జెట్టీ మీద పని. "మంచం దిగొద్దన్నారంట అక్కడి డాక్టర్లు. పురిటికి అది రాలేదు, నానే ఎల్లాలి. ఓడలో అయితే మూడు రోజులు. నడి సంద్రంలో నాకేటన్నా అయితే? ఇమానంలో ఎల్దామంటే గవ్వని సామాన్లలో వేస్తామంటున్నారు. దాన్నొదిలేసి నానెల్లను. నువ్వేదో పట్టీ కనిపెట్టినావంట కదా?"

కాత్యాయని ఉన్న సంగతంతా చెప్పింది. ఆ భయం సన్యాసమ్మ ఒంట్లోకి వస్తే గుండె దడ, చెమట, వణుకు. షుగర్ పడిపోయినా అవే లక్షణాలు. ఏది ఏదో గవ్వకీ తెలీదు, ఆమెకీ తెలీదు. పట్టీ ఆమె కట్టుకోకూడదు.

"అయితే నువ్వే కట్టుకో," అంది సన్యాసమ్మ, అదేదో గొడుగు పట్టుకోమన్నంత తేలిగ్గా.

కాత్యాయని కట్టుకుంది. పదకొండు మంది చేత కట్టించి తను ఒక్కసారీ కట్టుకోలేదన్న సిగ్గు కూడా ఉంది. గవ్వని సంచీలో పెట్టుకుని హైదరాబాదు విమానం ఎక్కింది.

కదిలేదాకా ఏమీ లేదు. చక్రాలు నేలని వదలగానే చెవుల్లో నొప్పి కాని నొప్పి. చుట్టూ నూట యాభై మంది మనుషుల వాసన, ఒక్కటీ ఎరిగినది కాదు. గంటలో దిగిపోతాం అని ఆమె తనకి తాను చెప్పుకుంది. ఆ మాట లోపలికి వెళ్లలేదు. ఆ భయానికి గంట అంటే తెలీదు, దిగడం అంటే తెలీదు. ఇక ఎప్పటికీ ఇంతే అన్నట్టు ఉంది. ఆమె ముందు సీటు పట్టుకుని కళ్లు మూసుకుంది. కాళ్ల దగ్గర గవ్వ హాయిగా నిద్రపోయింది.

తర్వాత ఎనిమిది రోజులు కాత్యాయని స్నానాల గది తలుపు వేసుకోలేకపోయింది. మిక్సీ తిరిగితే వీధిలోకి వచ్చేసింది. తొమ్మిదో రోజు బండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఇడ్లీ తింటూ జరిగిందంతా సన్యాసమ్మకి చెప్పింది.

"మనం భయపడితే అది ఎప్పుడో పోతుందని లోపల తెలుస్తూనే ఉంటుంది సన్యాసమ్మా. దీనికి అది కూడా తెలీదు. అంత భయం ఒక్క మనిషి మోసేది కాదు."

సన్యాసమ్మ పొయ్యి మీది పెద్ద గుండిగ దించాల్సి వచ్చి పక్క బండాయన్నీ, టీ కొట్టు అమ్మాయినీ కేకేసింది. ముగ్గురూ తలా వైపు పట్టి దించారు. చేతులు తుడుచుకుంటూ ఆమె అంది, "మరి ఒక్కదాని మీదే ఎందుకెయ్యడం? ఇమానంలో అంతమంది ఉంటారు, ఊరికే కూకునుంటారు. తలా కూసింత పంచీకూడదేటి?"

కాత్యాయని ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా మేడ మెట్లెక్కింది.

ఒక మెడపట్టీకి అనేక చేతిపట్టీలు జత చెయ్యడానికి ఇంతియాజ్‌కి నాలుగు వారాలు పట్టింది. విమానంలా అదిరే చిన్న గదిని ల్యాబులోనే కట్టి, గవ్వని అందులో కూర్చోబెట్టి పరీక్షలు పెట్టారు. వెనకటి పదకొండు మందిలో తొమ్మిది మంది తమంతట తామే వచ్చారు. "పూర్తి లెక్క చేసినవాణ్ని, అందులో భిన్నం ఎంతమ్మా!" అంటూ లింగమూర్తి మాస్టారు అందరికంటే ముందు చెయ్యి చాచాడు. కుక్కర్ మీద ఇంకా నమ్మకం కుదరని ఆయన భార్య కూడా పట్టీ కట్టుకుంది. నలుగురికి పంచితే బెదురు మర్నాటికి పోయింది. ఎనిమిది మందికి పంచితే సాయంత్రానికే. వీధిలో బండ్లవాళ్లూ కలిసి పదహారు మంది అయ్యేసరికి పట్టీ విప్పిన నిమిషంలో మాయమైంది. పదహారుకి తగ్గితే ఎగరకూడదని కాత్యాయనీ ఇంతియాజూ నియమం రాసుకున్నారు.

ఇక మిగిలింది ముక్కూ మొహం తెలియని జనాన్ని అడగడం.

ప్రయాణం రోజు ఉదయం పోర్ట్ బ్లెయిర్ విమానంలో అందరూ కూర్చున్నాక కాత్యాయని ముందుకెళ్లి మైకు అందుకుంది. ఐదో వరుసలో సన్యాసమ్మ, ఆమె కాళ్ల దగ్గర సంచీలో గవ్వ. ఆఖరి వరుసలో ఇంతియాజ్, ఒళ్లో ట్యాబు. అంకెలు చూసేవాడికి బెదురు ఉండకూడదని అతను పట్టీ కట్టుకోలేదు. సన్యాసమ్మ వెనక వరుసలో బూడిదరంగు సఫారీ వేసుకున్న పెద్దమనిషి ఒకాయన, కుక్క పక్కన కూర్చోనంటూ అప్పటికే సీటు మార్చమని గొడవ చేసి ఉన్నాడు.

కాత్యాయని ముందు తెలుగులో, తర్వాత తనకొచ్చిన హిందీలో విషయం చెప్పింది. దాచిందేమీ లేదు. మెడపట్టీ ఏం చేస్తుందో, మాస్టారు మంచం కింద ఎందుకు దూరాడో, తను మిక్సీకి ఎందుకు బెదిరిందో అంతా చెప్పింది. "ఎవరినీ బలవంతం చెయ్యం. తలుపులు వేసేలోపు నాతో కలిపి పదహారు మంది కాకపోతే సన్యాసమ్మ గారు, గవ్వ దిగిపోతారు. మీ ప్రయాణం మామూలుగా సాగుతుంది."

ఎవరూ కదల్లేదు. ఎవరో ఫోన్ చూసుకున్నారు. సన్యాసమ్మ సంచీ జిప్పు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది, దిగడానికి సిద్ధమైనట్టు.

"నొప్పి పుడుతుందా?" అన్నాడు సఫారీ పెద్దమనిషి ఉన్నట్టుండి.

"పుట్టదండీ. కొంచెం భయం వేస్తుంది."

"నాకెలాగూ భయమేగా!" అంది పన్నెండో వరుసలోంచి ఒక పిల్ల. చేతుల నిండా గోరింటాకు, పక్కన కొత్త పెళ్లికొడుకు. "మొదటిసారి ఎక్కుతున్నా. కుక్కది కూడా కాస్త వేసుకుంటే ఏం పోతుంది? ఇటివ్వండి మేడమ్."

చుట్టూ వాళ్లు నవ్వారు. పెళ్లికొడుకు కూడా చెయ్యి చాపక తప్పలేదు. తర్వాత సెలవు ముగించుకుని వెళ్తున్న నేవీ కుర్రాళ్లు నలుగురు, వాళ్లని చూసి ఒక ముసలి జంట, ఆరుగురున్న ఒక బెంగాలీ కుటుంబం. ఎయిర్‌హోస్టెస్ తలుపు వైపు నడిచేసరికి పదిహేను దగ్గర ఆగింది. కాత్యాయని వరుసలన్నీ కళ్లతో వెతుకుతోంది. సఫారీ ఆయన గట్టిగా నిట్టూర్చి, వాచీ విప్పి జేబులో వేసుకుని, మణికట్టు ముందుకి చాపాడు.

"తొందరగా కట్టమ్మా. లేటయితే అక్కడ నాకోసం లారీ ఆగదు."

ఆయన కట్టించుకున్నాక మరో ముగ్గురు లేచారు. అంతా కలిసి పందొమ్మిది.

విమానం నేలని వదిలింది. పందొమ్మిది మంది ఒక్కసారి ఊపిరి బిగబట్టి వదిలారు. అంతే. చలిగాలి ఒకటి వీపు మీదుగా వెళ్లిపోయినట్టు. గోరింటాకు పిల్ల వెనక్కి తిరిగి నేవీ కుర్రాళ్లని చూసింది. వాళ్లూ ఆమెనే చూస్తున్నారు. "వచ్చిందా?" "ఆ, వచ్చింది, మీకూ?" అని ముందు వరుసకీ వెనక వరుసకీ మాటలు కలిశాయి. సన్యాసమ్మ సంచీలోకి తొంగి చూసి, "దొంగది, పడుకుంది," అని ప్రకటించింది.

గంట గడిచింది. కింద సముద్రం, పైన ఎండ. మబ్బుల్లో విమానం రెండుసార్లు ఊగితే ముసలావిడ "ఓసి దీని అల్లరీ" అని మణికట్టుని చిన్నగా తట్టింది. కూతురి గురించి అడిగినవాళ్లకల్లా చెబుతూ సన్యాసమ్మ ఫలహారం ప్లేటు ముట్టుకోవడం మర్చిపోయింది. పొద్దున ఇంటి దగ్గర సూది మాత్రం మర్చిపోకుండా వేసుకుంది.

కాత్యాయని నోట్సు రాసుకుంటోంది. పెన్ను దానంతట అదే ఆగింది. భయం కాదు. ఇలాంటిది హైదరాబాదు విమానంలో రాలేదు. ఎవరో తన కొంగు పట్టుకుని లాగుతున్నట్టు ఒక ఆరాటం, ఒక తొందర. ఎక్కడికో వెళ్లాలి, ఎవరినో లేపాలి. ఆమె తలెత్తి చూసింది. నేవీ కుర్రాళ్లు తలలెత్తారు. గోరింటాకు పిల్ల సీట్లోంచి సగం లేచింది. బెంగాలీ ఆయన పేపరు దించాడు. పందొమ్మిది మొహాలూ ఐదో వరుస వైపే తిరిగి ఉన్నాయి.

"ఆవిడకేదో అవుతోంది," అన్నాడు సఫారీ ఆయన. అప్పటికే లేచి నిలబడ్డాడు.

సన్యాసమ్మ మాత్రం బాగానే ఉంది, పక్కావిడతో మాట్లాడుతోంది. కాకపోతే మాట మధ్యలో ఆగి, చెప్పిందే మళ్లీ చెబుతోంది. సంచీలో గవ్వ జిప్పు సందులోంచి మూతి బయటపెట్టి ఆమె అరచెయ్యి ఆబగా నాకుతోంది.

కాత్యాయని వచ్చి ఆమె వేలు గుచ్చి షుగర్ మీటరులో చూసింది. అంకె అరవై కిందికి పోయింది. "ఎవరి దగ్గరైనా తీపి..." ఆమె మాట పూర్తి కాలేదు. నాలుగు వైపుల నుంచి చేతులు వచ్చాయి. పళ్ల రసం డబ్బా, చాక్లెట్లు, పెళ్లివారి లడ్డూ, ముసలావిడ సంచీలోంచి బెల్లం ముక్క. సఫారీ ఆయన పళ్ల రసం డబ్బాకి పుల్ల గుచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, "తాగమ్మా, తాగక్కా, కొంచెం కొంచెంగా," అని సన్యాసమ్మ నోటికి అందించాడు.

పావుగంటకి అంకె పైకి వచ్చింది. ఆ సంగతి మీటరు చెప్పకముందే అందరికీ తెలిసింది. ఆ ఆరాటం ముడి విప్పినట్టు వదులైంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

సన్యాసమ్మ మూతి తుడుచుకుని చుట్టూ చూసింది. "ఏటి, అంతా నా మీద పడ్డారు? నాకేటయింది?" అని, ఒడిలోకి ఎక్కిన గవ్వనీ, ఒళ్లో పోగైన మిఠాయిలనీ చూసుకుని, అర్థమై, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి కొంగు వెనకనుంచి గొంతు వచ్చింది, "ఈ లడ్డూ ఎవరిదమ్మా? పాకం కుదర్లేదు."

పోర్ట్ బ్లెయిర్‌లో వాన వెలిసి ఉంది. పట్టీలు వెనక్కి తీసుకోవడానికి కాత్యాయని, ఇంతియాజ్ బయటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. పందొమ్మిది మందీ సామాన్లు తెచ్చుకుని వచ్చారు గానీ, పట్టీలు విప్పడానికి ఎవరికీ తొందర లేదు. లారీ ఆగదన్న పెద్దమనిషి కూడా నిలబడే ఉన్నాడు.

"ఒక్క నిమిషం ఆగుదామమ్మా," అన్నాడు. "దాన్ని కిందికి దించనీ."

ఎదురుగా అల్లుడు పరిగెత్తుకొస్తున్నాడు. రెండు చేతులూ ఊపుతూ, "ఆడపిల్ల అత్తా! పొద్దున్నే! ఇద్దరూ బాగున్నారు!" అని అంత దూరం నుంచే అరిచాడు. సన్యాసమ్మ సంచీ నేల మీద పెట్టి జిప్పు లాగేసి, అటు పరిగెత్తింది.

గవ్వ బయటికి వచ్చి, తడి గడ్డి మీద నాలుగు కాళ్లూ ఆన్చి, ఒళ్లంతా ఒక్కసారి దులిపింది. ఆ తర్వాత సన్యాసమ్మ వెనకాల ఉరికింది.

దాని సంబరం వాళ్లందరినీ ఒకేసారి తాకింది. ముసలాయన "అబ్బా" అన్నాడు. గోరింటాకు పిల్ల మొగుడి భుజం మీద కొట్టి నవ్వడం మొదలుపెట్టింది. నేవీ కుర్రాళ్లలో ఒకడు చెప్పులు విడిచి గడ్డిలోకి దిగాడు. కాత్యాయనికి ముక్కు నిండా వాన మట్టి వాసన, ఇంత దగ్గరగా, ఇంత కొత్తగా. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వుతూ నిలబడిపోయింది.

"ఏమైంది? మేడమ్, ఏం వస్తోంది? ట్యాబులో అంకెలన్నీ పైకి పోతున్నాయి!" ఇంతియాజ్ ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు.

సఫారీ ఆయన తన పట్టీ విప్పి, ఇంతియాజ్ చెయ్యి పట్టుకుని, ఆ మణికట్టుకి కట్టాడు.